అంకితం వెంకట నరసింగరావు

విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున జాలరిపేట యను పల్లె కలదు. నేడది నగరములో కలిసిపోయినను, అచ్చటి జాలరుల దినచర్య సముద్రము ననుసరించియే నడచుచున్నది. ఇంకను చీకటి విడువక ముందే లేచి తెప్పలను నీటిలోనికి త్రోయువారు మొదట చూచునది ఆకాశమును. వేగుచుక్క పొడిచినదా, గొర్రుకొయ్యలు ఎంతవరకు వాలినవి అను విషయములను బట్టి వారి పూర్వులు ప్రొద్దు నిర్ణయించుకొనెడివారు. ఆ ఒడ్డున నిలిచి దక్షిణపు దిక్కునకు చూచినచో, సముద్రములోనికి ముక్కు చాచినట్లున్న కొండ యొకటి కానవచ్చును. దానినే డాల్ఫిన్ నోస్ అందురు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ కొండపై ఒక జెండాకొయ్య నిలిచి, ప్రతిదినము నియమిత సమయమున పట్టణవాసులకును, రేవులోని ఓడలకును సరియైన కాలమును తెలుపుచుండెను. ఆ కాలమును లెక్కకట్టి యిచ్చినది ప్రభుత్వపు కచ్చేరి కాదు. పట్టణమున దాబాగార్డెన్సులో ఒక గృహస్థుని తోటయందున్న వేధశాల.

ఆ వేధశాలను కట్టించినవాడు గోడే వెంకట జగ్గారావు. ఆయన యనంతరము దానిని చేపట్టి, జీవితాంతము కాపాడి, సీమ పండితులకు సైతము ఎరుకపరచినవాడు ఆయన అల్లుడగు అంకితం వెంకట నరసింగరావు.

అల్లుని చరిత్రము తెలియవలెనన్న ముందుగా మామగారిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. జగ్గారావు 1817వ సంవత్సరమున జమీందారీ వంశమున జన్మించెను. ఆ కాలమున కలిగిన కుటుంబములలోని యువకులు వేటలకును, మేళములకును, ఏనుగులకును ధనము వెచ్చించుట వింత కాదు. ఈయన మనస్సు మాత్రము గణితముపై నిలిచినది. మద్రాసునందు ఈస్టిండియా కంపెనీవారి వేధశాల యొకటి 1792 మొదలుకొని నుంగంబాకములో నడచుచుండెను. దానికి అధికారిగానున్న టేలరు దొర పదునొకండు వేల నక్షత్రముల స్థానములను కొలిచి పట్టిక కట్టిన దిట్ట. జగ్గారావు ఆయన యొద్ద చేరి, దూరదర్శినిని నడపుటయు, కొలతలు తీయుటయు, ఆ కొలతలలోని దోషములను సవరించుటయు నేర్చుకొనెను. విశాఖపట్టణమునకు తిరిగివచ్చి 1840లో స్వంత సొమ్ముతో తన తోటలో వేధశాలను నెలకొల్పెను. డాల్ఫిన్ నోసుపై జెండా నెత్తించినవాడును ఆయనయే. 1856లో, నలువది యేండ్లయినను నిండక ముందే ఆయన మరణించెను.

అప్పటికి నరసింగరావు వయస్సు ఇరువదితొమ్మిది. ఆయన 1827లో జన్మించెను. జగ్గారావు కుమార్తెయగు అచ్చయ్యమ్మను వివాహమాడెను. ప్రభుత్వోద్యోగమున ప్రవేశించి డెప్యూటీ కలెక్టరు పదవి నందుకొనెను. ఆ రోజులలో ఈ దేశమువారికి అందుబాటులోనున్న పదవులలో అది మిక్కిలి ఎత్తయినది. పల్లకీలు, బంట్రోతులు, ఊరూర పెద్దల దర్శనములు, ఇవన్నియు దాని వెంట వచ్చెడివి. ఒకవైపున ఆ గౌరవము. వేరొకవైపున మామగారు విడిచిపోయిన దూరదర్శినియు, గడియారములును, వ్రాతపుస్తకములును. నరసింగరావు ఉద్యోగమును వదలుకొని వేధశాలను చేపట్టెను.

ఇందులోని కష్టము పైకి కనబడునది కాదు. తోటలోని మామిడిచెట్టుకు ఒకనాడు నీరు పోయకున్నను మరునాడు పోయవచ్చును. వేధశాల యట్టిది కాదు. ఒక రాత్రి తలుపు తెరువకున్నచో ఆ రాత్రి చూడవలసిన నక్షత్రము దాటిపోవును. పుస్తకములో ఆనాటి పంక్తి శూన్యముగా నుండును. మరునాటి గడియారమును నమ్ముటకు వీలుండదు. ఏలయన నక్షత్రములే గడియారమునకు గురువులు. ఉత్తర దక్షిణములుగా బిగించిన దూరదర్శిని యొకటి వేధశాలలో నుండును. అది ప్రక్కలకు తిరుగదు. ఒక్కొక్క నక్షత్రము నడినెత్తి గీతను దాటు క్షణమును దాని గుండ చూచి, గడియారపు టికటికలను చెవితో వినుచు, సెకనులోని పదవ వంతు వరకు అంచనా కట్టవలెను. ఆ నక్షత్రము ఎప్పుడు దాటవలెనో పట్టికలో ముందే వ్రాసియుండును. రెండింటికిని గల తేడాయే గడియారపు దోషము.

ఈ తేడా ఓడవానికి ప్రాణముతో సమానము. నడిసముద్రమున నావికుడు తన స్థానము తెలిసికొనుటకు ఓడలోని గడియారమునే నమ్ముకొనవలెను. ఆ గడియారము నాలుగు సెకన్లు తప్పినచో, విశాఖ తీరమున ఓడ లెక్క ఇంచుమించు 1¾ కిలోమీటరు తూర్పునకో పడమరకో తప్పును. చీకటిరాత్రి రాతిగట్టునకు సమీపమున ఆ దూరము చాలును. కనుక రేవులో ఓడ నిలిచినప్పుడు నావికులు కొండమీది జెండాను చూచి గడియారములను సరిదిద్దుకొనెడివారు. అప్పటికి దేశమంతటికిని ఒకే కాలము లేదు. 1906లో గాని భారతదేశమునకు ఏకకాలము ఏర్పడలేదు. ఏ పట్టణపు మధ్యాహ్నము ఆ పట్టణమునకే. నేటి భారతకాలముకంటె విశాఖపట్టణపు స్వంత కాలము ఇంచుమించు మూడు నిమిషములు ముందుండును.

కాలనిర్ణయముతో బాటు గాలి, వాన, ఎండల వివరములను సైతము అచ్చట దినదినము వ్రాసిపెట్టెడివారు. తుపానులు తరచుగా వచ్చు ఆ తీరమున అట్టి లెక్కల విలువ జాలరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

నరసింగరావు వేధశాలను చేపట్టుటకు ఒక సంవత్సరము ముందు, అనగా 1855లో, మద్రాసు వేధశాలనుండి వింతయైన వార్త యొకటి వెలువడెను. అప్పటి అధికారి కాప్టెన్ జేకబ్. సర్పధర రాశియందు ఒకదాని చుట్టు ఒకటి తిరుగు జంట నక్షత్రములు కలవు. వాని నడక లెక్క ప్రకారము సాగుటలేదనియు, కంటికి కనబడని గ్రహమొకటి అచ్చట నుండి వానిని లాగుచున్నదనియు ఆయన ప్రకటించెను. సూర్యునికి గాక వేరొక నక్షత్రమునకు గ్రహము కలదని కొలతలను ఆధారముగా చేసికొని చెప్పినవారిలో ఆయన మొదటివాడు. తరువాతివారు పరిశీలింపగా ఆ గ్రహము లేదని తేలినది. కొలతలలోని సూక్ష్మదోషము గ్రహమువలె భ్రమింపజేసినది. అయినను ప్రశ్న మిగిలినది. ఆకాశమునందలి యన్ని చుక్కలును సూర్యులే యైనచో, వానికిని గ్రహములుండవా? ఉన్నచో కంటితో చూడగలమా?

ఆ కాలపు ఏ దూరదర్శినికిని అది సాధ్యము కాదు. గ్రహమును దాని నక్షత్రముతో కలిపి చూడగోరువారికి దొరికిన నక్షత్రము ఒక్కటియే; అది మన సూర్యుడు. ఆ సూర్యుడు సైతము తన వెలుగుచే సమీపముననున్న సమస్తమును కప్పివేయును. ఆ వెలుగు తొలగు సందర్భములు రెండు: చంద్రుడు అడ్డువచ్చి సూర్యుని మూయు గ్రహణము ఒకటి, గ్రహమే సూర్యబింబమునకు ఎదురుగా నల్లని చుక్కవలె నడచిపోవు అంతర్యానము మరియొకటి. నరసింగరావు ఈ రెండింటి కొరకును వేచియుండి పనిచేసెను.

1868 ఆగస్టు 18వ తేదీన తెలుగుదేశము మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణము సాగినది. దానిని చూచుటకు ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. మద్రాసు వేధశాలకు అప్పటి అధికారియగు పాగ్సన్ మచిలీపట్టణమునకు వచ్చెను. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తికి పోయెను. విశాఖపట్టణము నీడదారికి ఉత్తరముగా నుండుటచే అచ్చట సూర్యుడు పూర్తిగా మరుగుపడలేదు. కొడవలివంటి అంచు మిగిలియే యున్నది. నరసింగరావు దానిని తన వేధశాలనుండి పరిశీలించెను. గుంటూరునందు మాత్రము సూర్యుడు మరుగుపడిన కొలది నిమిషములలో, అంతవరకు కనబడని కిరీటమువంటి కాంతియు, అంచున ఎగయు ఎఱ్ఱని జ్వాలలును ప్రత్యక్షమైనవి. పట్టపగలు చుక్కలు మెరసినవి. అవి యన్నియు అంతకుముందును అచ్చటనే యున్నవి. సూర్యుని మూయువాడు లేక కనబడలేదు. ఈ విషయము ముందు మరల వచ్చును.

అదే సంవత్సరము నవంబరులో బుధుడు సూర్యబింబమును దాటెను. నరసింగరావు దానిని పరిశీలించి ఆ వివరములను లండనునకు పంపెను. 1871లో అచ్చటి రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీవారు ఆయనను సభ్యునిగా చేర్చుకొనిరి. ఆ యేటి డిసెంబరు గ్రహణమును, మరుసటి యేటి జూను గ్రహణమును సైతము ఆయన విడువలేదు.

ఆయన జీవితములో ముఖ్యమైన దినము 1874 డిసెంబరు 9. ఆ దినమున శుక్రుడు సూర్యబింబమును దాటవలసియుండెను. శుక్రాంతర్యానము మిక్కిలి అరుదు. ఎనిమిదేండ్ల యెడముతో రెండు వచ్చి, పిదప నూరేండ్లకు పైబడి ఒకటియు లేకుండ పోవును. 1769 తరువాత వచ్చినది ఇదియే. దీని జతయగు 1882 నాటిది భారతదేశమున కనబడదని ముందే తెలియును. అనగా విశాఖపట్టణమున నున్న మనుష్యునకు బ్రదుకులో లభించునది ఈ యొక్క ఉదయము. ఆనాడు మబ్బు పట్టినచో చేయునది లేదు.

ఇంత పట్టుదల ఏలయన, భూమికిని సూర్యునికిని గల దూరము ఆ చుక్కయందే యిమిడియున్నది. భూమిమీద వేరువేరు స్థలములనుండి చూచువారికి శుక్రుడు వేరువేరు దారులలో సూర్యుని దాటినట్లు కనబడును. ఒక వ్రేలిని కంటి యెదుట నిలిపి, కుడికన్ను మూసి ఒకసారియు, ఎడమకన్ను మూసి ఒకసారియు చూచినచో వ్రేలు గోడమీద చోటు మారినట్లు తోచును గదా! ఇదియు నట్లే. శుక్రుడు బింబమును తాకిన క్షణమును, విడిచిన క్షణమును పలుచోట్ల సరిగా గుర్తించినచో, లెక్కవేసి సూర్యదూరము తెలిసికొనవచ్చును. అందుకై ఆ సంవత్సరము అనేక రాజ్యములవారు ఓడలలో పరికరములను ఎక్కించి దేశదేశములకు జట్లను పంపిరి. విడిది కట్టి, గడియారములు సరిచేసికొని, తాము నిలిచిన చోటు భూగోళమున ఎచ్చట నున్నదో నిర్ణయించుకొనుటకే ఆ జట్లకు వారములు పట్టెడిది. నరసింగరావునకు ఆ బాధ లేదు. ముప్పదినాలుగేండ్లుగా కొలతలు తీసిన చోటు ఆయనది.

ఆయన యొద్ద ఇంగ్లండులో కుక్ వర్తకులు చేసిన ఆరంగుళముల దూరదర్శిని యుండెను. నక్షత్రముల నడకతో బాటు తానును తిరుగునట్లు దానిని అమర్చియుండిరి. సూర్యుడు సముద్రమునుండి లేచిన సుమారు గంటకు, బింబపు అంచున చిన్న నొక్కు పడినది. జాలరులు తెల్లవారుజామున చూచు వేగుచుక్కయే అది! వేకువను వెండివలె మెరయు ఆ చుక్క, సూర్యుని యెదుట నల్లని గుండ్రని బొట్టుగా మారినది. దాని వెడల్పు సూర్యబింబములో సుమారు ముప్పదిరెండవ వంతు. ఆ బొట్టు నాలుగున్నర గంటలకు పైగా మెల్లగా నడచి మధ్యాహ్నప్రాయమున అవతలి అంచు దాటినది.

చూచుట సులభమే, క్షణమును నిర్ణయించుట సులభము కాదు. బొట్టు అంచును విడివడు సమయమున జిగురువలె నల్లని తీగ సాగి, రెండింటిని అంటిపెట్టుకొన్నట్లు పలువురకు తోచెడిది. ఎప్పుడు విడిపోయినదో చెప్పుటలో ప్రక్కప్రక్కన నిలిచిన ఇరువురు సైతము పలు సెకన్లు భేదించెడివారు. అందుచేత ఎంత శ్రమపడినను 1874 కొలతలు ఆశించినంత సూక్ష్మముగా తేలలేదు. సూర్యదూరము సుమారు 15 కోట్ల కిలోమీటర్లని నేడు మనకు తెలిసినది వేరు మార్గములచే. నరసింగరావు తాను గుర్తించిన సమయములను లండను సంఘమునకు పంపగా, వారు 1875లో తమ పత్రికయందు ప్రకటించిరి.

గ్రహణమున గుంటూరువారు చూచినదానికిని, కాప్టెన్ జేకబ్ వెదకినదానికిని సంబంధము తరువాతి శతాబ్దమున బయల్పడినది. 1930 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడగు బెర్నార్ లియో, చంద్రుని కొరకు వేచియుండుట యెందుకని యోచించి, దూరదర్శిని లోపలనే సూర్యుని మూయు చిన్న బిళ్ల నమర్చెను. కరోనాగ్రాఫ్ అనబడు ఆ పరికరముతో గ్రహణము లేనినాడును సూర్యకిరీటము కనబడినది. సూర్యునికి చేసినదానిని నక్షత్రమునకు చేయరాదా?

చేయవచ్చును గాని, కష్టము అనేక మడుగులు. రాత్రివేళ జాలరిపేట తెప్పవాడు ఒడ్డువైపు చూచునప్పుడు దీపస్తంభపు వెలుగు ఎదురైనచో, దాని క్రిందనున్న పడవలోని చిన్న లాంతరు కనబడదు. అరచేతిని అడ్డము పెట్టి ఆ పెద్ద వెలుగును మూసినచో కొంత కనబడవచ్చును. గురుగ్రహమునుండి వచ్చు వెలుగు సూర్యుని వెలుగులో ఇంచుమించు నూరుకోట్ల వంతు మాత్రమే. పైగా మన గాలిపొర కదలుటచే నక్షత్రము మిణుకుమిణుకుమనుచు చుట్టును చెదరును. అందుచే శాస్త్రజ్ఞులు మూడు ఉపాయములు పన్నిరి. నక్షత్రమును బిళ్లతో మూయుట ఒకటి. గాలి కదలికకు విరుగుడుగా సెకనునకు వందలసార్లు ఆకారము మార్చుకొను పలుచని అద్దమును వాడుట రెండవది. మూడవది, వెదకవలసిన గ్రహమును ఎన్నుకొనుట. నక్షత్రమునకు చేరువనున్న చిన్న గ్రహము వెలుగులో మునిగిపోవును. మిక్కిలి దూరమున తిరుగు మహాగ్రహమైనచో వెలుగునకు ఎడముగా నుండును. అది ఇటీవల పుట్టినదైనచో, పొయ్యినుండి తీసిన ఇనుపగోళమువలె ఇంకను వేడితో కాగుచుండును. కంటికి కనబడని పరారుణ కిరణములలో తన వెలుగును తానే వెదజల్లును.

ఈ విధముగా 2008లో కెనడా శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ మరువాయు, ఆయన సహచరులు, హవాయి దీవిలోని పెద్ద దూరదర్శినులతో హెచ్.ఆర్. 8799 అను నక్షత్రము చుట్టు మూడు మహాగ్రహములను ఫోటోలలో పట్టిరి. 2010లో నాలుగవది కనబడినది. ఒక్కొక్కటియు మన గురుని కంటె పలురెట్లు బరువైనది. ఆ నక్షత్రము మనకు 130 కాంతి సంవత్సరములకు పైబడిన దూరమున, పూర్వాభాద్రలోని రెండు తారల నడుమ నున్నది. చీకటి రాత్రులలో చూపు చక్కగా నున్నవారికి అతికష్టముపై కనబడును. ఆ నాలుగింటిలో వెలుపలి గ్రహము, భూమి సూర్యునికున్న దూరమునకు సుమారు డెబ్బది రెట్లు దూరమున తిరుగుచున్నది. అది ఒక్క ప్రదక్షిణము చేయుటకు నాలుగువందల యేండ్లకు మించి పట్టును. నరసింగరావు పుట్టిన నాటినుండి నేటివరకు దాని ప్రదక్షిణమున సగమైనను పూర్తికాలేదు.

నరసింగరావు 1892లో మరణించెను. మామగారి పేరు పెట్టుకొన్న కుమారుడు జగ్గారావు కొంతకాలము వేధశాలను సాగించెను. పిదప అది అంతరించినది. ధనము గల ఇంట పుట్టిన వేధశాలకు ఆ యింటి అభిరుచియే ఆయుర్దాయము. మూడు తరములు నిలుచుటయే గొప్ప. దాబాగార్డెన్సు నేడు దుకాణములతో, వాహనములతో క్రిక్కిరిసియుండును.

భర్త పేరు నిలుపుటకై అచ్చయ్యమ్మ పట్టణములోని విద్యాలయమునకు భూరివిరాళ మిచ్చెను. విశాఖవాసులు ఏ.వి.ఎన్. కళాశాల యని పిలుచు విద్యాలయము అదియే. ఆ మూడక్షరములు ఎవరివో ఆ ద్వారమున నిత్యము పోవువారిలో పెక్కురెరుగరు. 1892లోనే తమిళదేశమునుండి చంద్రశేఖరయ్యరు అను ఉపాధ్యాయుడు గణితమును, భౌతికశాస్త్రమును చెప్పుటకు ఆ కళాశాలకు వచ్చెను. ఆయనతో వచ్చిన నాలుగేండ్ల బాలుడు విశాఖ సముద్రతీరమున పెరిగి, అచ్చటనే చదివి, సర్ సి.వి. రామన్ అయ్యెను. నక్షత్రముల జీవితమును లెక్కగట్టిన సుబ్రహ్మణ్య చంద్రశేఖర్ ఆ యుపాధ్యాయుని మనుమడే.

డాల్ఫిన్ నోసుపై నేడు జెండాకొయ్యకు బదులు 1957లో కట్టిన దీపస్తంభము నిలిచి జాలరిపేట పడవలకు దారి చూపుచున్నది. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యుని దాటిన క్షణములు, నరసింగరావు గుర్తించినవి గుర్తించినట్లుగా, లండను సంఘపు 1875 సంపుటములో నున్నవి.